పదిహేనుకు బదులు పన్నెండు: మన అరవై మంది ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల తరఫున లోక్‌సభలో ఉన్న 42 మందికి, రాజ్యసభలో ఉన్న 18 మందికి,

నమస్కారం.

రక్షణ బడ్జెట్ మీద మీకు ఉత్తరాలు రాసేవాళ్లు రెండు రకాలు. సగానికి సగం కోసి బడులకూ ఆసుపత్రులకూ పెట్టండి అనేవాళ్లు కొందరు. దాని జోలికి వెళ్తే దేశద్రోహమే అనేవాళ్లు ఇంకొందరు. రెండు రకాల ఉత్తరాలూ మీ పీఏ టేబుల్ దాటి లోపలికి రావు. రానక్కర్లేదు కూడా, ఎందుకంటే రెంటిలోనూ లెక్క ఉండదు. మేం కేంద్ర బడ్జెట్ పద్దులు, సంక్షేమ పథకాల ఖర్చు ప్రమాణాలు ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లం. ఈ ఉత్తరంలో ఉన్నది లెక్కే. మిమ్మల్ని అడిగేది కూడా ఏ నెలలో, ఏ గదిలో, ఎంత అని విడమరిచి అడుగుతాం.

2025-26లో రక్షణ శాఖ నాలుగు పద్దులూ కలిపి 6,81,210 కోట్లు. 2026-27లో 7,84,678 కోట్లు. ఒక్క ఏడాదిలో పెరిగింది 1,03,468 కోట్లు, అంటే నూటికి పదిహేను. దేశంలో ఉన్న అంగన్‌వాడీలన్నిటికీ, పోషణ్ పథకంతో కలిపి, కేంద్రం 2025-26లో చూపిన మొత్తం 21,960 కోట్లు. రక్షణలో పెరిగిన ఈ ముక్క ఒక్కటే దానికి నాలుగున్నర రెట్లు మించింది.

పెరగొద్దని మేం అనడం లేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగాక ఆ మాట అనే ఎంపీ ఎవరూ ఉండరు, ఉండాలని మేం కోరుకోవడమూ లేదు. కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసుకుందని కొందరు ఉదాహరణ చెప్తుంటారు. ఒకవైపు పాకిస్తాన్, ఇంకోవైపు చైనా ఉన్న దేశానికి ఆ పోలిక అతకదు. మేం వేసిన లెక్క వేరు. పదిహేను శాతం బదులు పన్నెండు శాతం పెంచి ఉంటే రక్షణకు 7,62,955 కోట్లు వచ్చేవి. అది కూడా మామూలు పెంపు కాదు, ధరల పెరుగుదలను దాటి చాలా దూరం పోయే పెంపే. మిగిలేది 21,723 కోట్లు. ఆ డబ్బుతో ఏమేం అయ్యేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

అంతకన్నా ముందు, రక్షణ పద్దులో ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చెప్పాలి. రక్షణ బడ్జెట్ అనగానే జనానికి రఫేల్, బ్రహ్మోస్ కళ్లముందు ఆడతాయి. పద్దు విప్పితే కనిపించేది వేరు. 2025-26 లెక్కలో పింఛన్లు 1,60,795 కోట్లు. జీతభత్యాలు 1,97,317 కోట్లు. ఈ రెండూ కలిస్తేనే మొత్తంలో సగం దాటిపోయింది. ఇంధనం, మందుగుండు, విడిభాగాలు, మరమ్మతులు, జవాన్ల రేషన్ లాంటి రోజువారీ ఖర్చు 1,14,415 కోట్లు. సరిహద్దు రోడ్లు, తీర రక్షక దళం వగైరా ఉన్న పౌర పద్దు 28,683 కోట్లు. కొత్త ఆయుధాలు, విమానాలు, ఓడలు కొనే మూలధన పద్దు 1,80,000 కోట్లు.

కాబట్టి 'రక్షణలో సగం కోయండి' అంటే అర్థం ఏమిటంటే, పింఛన్లో కోయమనో, జీతంలో కోయమనో. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో మాజీ సైనికుడి ఇల్లూ అంగన్‌వాడీ ఆయా ఇల్లూ ఒకే వీధిలో ఉంటాయి. ఒక ఇంటి కంచంలోంచి తీసి పక్కింటి కంచంలో వెయ్యడాన్ని సంక్షేమం అనరు. పింఛను భారం తగ్గించుకునే దారిగా 2022లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్లయ్యాక నలుగురిలో ఒక్కరినే ఉంచుకునే పద్ధతి అది. దాని మీద నిరసనల్లో ఆ జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ తరహా పొదుపు మా లెక్కలో లేదు.

మిగిలింది మూలధన పద్దు, రోజువారీ ఖర్చులో ఏటా పెరిగే భాగం. మూలధన పద్దు సంగతి కొంచెం తీరిగ్గా చూడాలి, ఎందుకంటే అక్కడ డబ్బు ఒక్కోసారి ఖర్చు కాకుండా ఆగిపోతుంది.

2023-24లో ఈ పద్దుకు 1,62,600 కోట్లు పెట్టి, సవరించిన అంచనాల్లో 1,57,228 కోట్లకు దించారు. 2024-25లో 1,72,000 కోట్లు పెట్టి 1,59,500 కోట్లకు దించారు. అంటే ఆ రెండో ఏడాది 12,500 కోట్లు వాడలేకపోయారు. దీన్ని అసమర్థత అనేస్తే తేలిగ్గా ఉంటుంది కానీ, అసలు కారణం కొనుగోలు నడిచే తీరులో ఉంది. ముందు రక్షణ కొనుగోళ్ల మండలి ఆ వస్తువు అవసరమేనని ఒప్పుకోవాలి. తర్వాత టెండరు పత్రం. సాంకేతిక పరిశీలన. రాజస్థాన్ ఎండలో, లద్దాఖ్ చలిలో క్షేత్ర పరీక్షలు. ధర బేరమాడే కమిటీ. పెద్దదైతే ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ. సంతకం అయ్యాక కూడా డబ్బు ఒక్కసారిగా పోదు, సరుకు తయారయ్యే దశల్ని బట్టి వాయిదాల్లో పోతుంది. సరుకు ఆలస్యమైతే వాయిదా ఆగుతుంది, వాయిదా ఆగితే మార్చి 31 నాటికి డబ్బు మిగులుతుంది. తేజస్ మార్క్-1ఎ చూడండి. 83 విమానాలకు 2021 ఫిబ్రవరిలో సుమారు 48 వేల కోట్ల ఒప్పందం. మొదటి విమానం 2024 మార్చికి చేతికి రావాలి. దానికి కావలసిన జీఈ ఇంజన్లలో మొదటిది అమెరికా నుంచి వచ్చిందే 2025 మార్చిలో. ఆ మధ్య ఏడాదికి పెట్టుకున్న అంచనా కాగితం మీదే ఉండిపోతుంది.

అలా మిగిలిన డబ్బు ఎటు పోతుంది? ఏ బడికీ పోదు. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు మార్చే అధికారం ఏ శాఖకూ లేదు. ఏడాది చివర దాన్ని ఆర్థిక శాఖకు తిరిగి అప్పగించేస్తారు, ప్రభుత్వం ఆ మేరకు తక్కువ అప్పు చేస్తుంది, అక్కడితో కథ ముగుస్తుంది. అదే 2024-25లో బడి మధ్యాహ్న భోజనానికి, అంటే పీఎం పోషణ్‌కు, 12,467 కోట్లు పెట్టి సవరించిన అంచనాల్లో 10,000 కోట్లకు తగ్గించారు. రక్షణలో మిగిలింది బడికి రాలేదు సరికదా, బడిది కూడా వెనక్కి పోయింది. మరుసటేడు పీఎం పోషణ్‌కు మొత్తం దేశానికి పెట్టింది సరిగ్గా 12,500 కోట్లు. అంకెలు కలవడం యాదృచ్ఛికమే. అయినా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడదగ్గవి.

అయితే మిగులు మీద ఆశ పెట్టుకుని పథకం కట్టకూడదు. 2025-26లో మూలధన పద్దు తగ్గలేదు, సవరించిన అంచనాల్లో ఇంకా పెరిగింది. ఒక ఏడాది మిగిలి, ఒక ఏడాది మిగలని డబ్బుతో నెలనెలా ఇవ్వాల్సిన గౌరవ వేతనం ఎలా ఇస్తారు? పైగా మిగిలిన మూలధనాన్ని మురిగిపోనివ్వని ప్రత్యేక నిధిలో దాచాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం, అంటే శాఖ పద్దులు పరిశీలించే ఎంపీల కమిటీ, చాలాకాలంగా అడుగుతోంది. 2021-26కు 2,38,354 కోట్లతో అలాంటి నిధి పెట్టమని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది కూడా. సైన్యం వైపు నుంచి అది న్యాయమైన కోరికే. అది వస్తే మిగులు అనేదే ఉండదు. అందుకే మేం మిగులును కాక పెంపును పట్టుకున్నాం. ఏటా ఇవ్వాల్సినవి పెంపు నుంచి రావాలి, ఒకేసారి కట్టేసేవి మిగులు నుంచి రావాలి. ఈ తేడా చూసుకోని ప్రతిపాదనను ఆర్థిక శాఖ మొదటి పేజీలోనే కొట్టేస్తుంది.

ఇక ఆ 21,723 కోట్లు ఎక్కడ పెట్టాలి. కొత్త పథకం వద్దు. కొత్త పేరు, కొత్త లోగో, కొత్త యాప్ అసలే వద్దు. ఉన్న పథకాల్లోనే కేంద్రం ఎప్పుడో ఖరారు చేసి వదిలేసిన రేట్లు మూడున్నాయి.

మొదటిది ఎనిమిది రూపాయలు. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల లోపు బిడ్డకు అంగన్‌వాడీలో రోజుకు పెట్టాల్సిన ఖర్చు ప్రమాణం అది, 2017లో ఖరారైంది. గర్భిణులకు, బాలింతలకు తొమ్మిదిన్నర. తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డకు పన్నెండు. ఏడాదికి 300 రోజులు. ఈ ఎనిమిదిలో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. దాంతో 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది అప్పటి నిబంధన.

ఆ ఎనిమిది రూపాయల్ని మూడేళ్లు దాటిన బిడ్డ పళ్లెంలో పెట్టి చూద్దాం. బియ్యం 80 గ్రాములు, కేంద్రం రాయితీ ధర కిలో మూడు రూపాయలు కాబట్టి పావలా. కందిపప్పు 15 గ్రాములు, కిలో 120 అనుకుంటే 1.80. నూనె 5 గ్రాములు, ముప్పావలా. కూరగాయలు 50 గ్రాములు, కిలో నలభై చొప్పున రెండు రూపాయలు. గ్యాస్, ఉప్పు, పసుపు, పోపు కలిపి ఒక రూపాయి. మొత్తం ఐదు రూపాయల ఎనభై పైసలు. మిగిలింది రెండు రూపాయల ఇరవై పైసలు. పొద్దున పెట్టాల్సిన చిరుతిండి కూడా ఇందులోనే ఉందని మరిచిపోవద్దు. పోనీ శనగలూ బెల్లమూ మానేసి మిగిలిన చిల్లరంతా గుడ్డుకే పెడదామా అంటే, గుడ్డు ఆరేడు రూపాయలుంది. మూడో వంతు గుడ్డు వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో అంగన్‌వాడీల్లో గుడ్డు కనిపిస్తోందంటే, తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి రోజుకో గుడ్డూ 200 మిల్లీలీటర్ల పాలూ ఇవ్వగలుగుతున్నారంటే, ఆ పైఖర్చు రాష్ట్ర ఖజానా భరిస్తోంది కాబట్టే. ఇంత చేసినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రలో నూటికి 31.2, తెలంగాణలో 33.1.

2025 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి బడ్జెట్ ప్రసంగంలో ఈ పథకం 8 కోట్ల పైచిలుకు పిల్లలకు, కోటి మంది గర్భిణులు, బాలింతలకు అందుతోందని చెప్పి, ఖర్చు ప్రమాణాలను తగిన విధంగా పెంచుతామన్నారు. ఎంతో చెప్పలేదు. చెప్పని అంకెను పద్దులో వెతకొచ్చు. ఎనిమిది కోట్ల మంది పిల్లలకు రోజుకు ఒక్క రూపాయి పెంచితే 300 రోజులకు 2,400 కోట్లు, కేంద్రం వాటా 1,200 కోట్లు. ఆ ఏడాది పథకం కేటాయింపు 21,200 కోట్ల నుంచి 21,960 కోట్లకు పెరిగింది. అంటే 760 కోట్లు. అందులో భవనాలు, ఫోన్లు, శిక్షణ, జీతాలు అన్నీ పక్కన పెట్టి మొత్తం తిండికే పోసినా బిడ్డకు రోజుకు అరవై మూడు పైసలు. మంత్రి మాట తప్పారని మేం అనడం లేదు. పద్దులో రూపాయి కూడా పట్టని చోట 'తగిన విధంగా' అన్న మాట ఎలా పడుతుందన్నదే మా సందేహం.

మేం అడిగేది ఎనిమిదిని పన్నెండు చేయమని, తొమ్మిదిన్నరను పద్నాలుగు చేయమని. పిల్లలకు కేంద్ర వాటా అదనంగా 4,800 కోట్లు, తల్లులకు 675 కోట్లు.

రెండోది 4,500. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం 2018 అక్టోబరులో ఖరారు చేసిన నెల గౌరవ వేతనం. ఆయాకు 2,250. ఇందులో కూడా కేంద్రం నిజంగా ఇచ్చేది నూటికి అరవై, అంటే 2,700, 1,350. ఆంధ్రలో కార్యకర్తకు అందే 11,500లో, తెలంగాణలో అందే 13,650లో మిగతాదంతా రాష్ట్రానిదే. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రలో 42 రోజులు సమ్మె చేసింది కూడా రాష్ట్ర ప్రభుత్వం మీదే. ఢిల్లీ పేరు ఆ శిబిరాల్లో పెద్దగా వినపడలేదు. వినపడాల్సింది. దేశమంతటా కార్యకర్తలు 13 లక్షలు, ఆయాలు 12 లక్షలు అనుకుని రెండు రేట్లనూ రెట్టింపు చేస్తే కేంద్ర వాటా అదనంగా 4,212 కోట్లు, 1,944 కోట్లు. కలిపి 6,156.

మూడోది రెండు వందలు. జాతీయ సామాజిక సహాయ పథకం కింద అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ల వరకు పేద వృద్ధులకు కేంద్రం నెలకిచ్చే పింఛను. 1995లో 75 రూపాయలతో మొదలైంది, 2006లో 200 అయింది. 2011లో ఎనభై దాటినవాళ్లకు 500 చేశారు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆంధ్రలో నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి చేతిలో పెట్టే 4,000లో కేంద్రం పాలు ఒక్క రెండొందల నోటు. 2.2 కోట్ల మందికి 200ను 500 చేస్తే ఏడాదికి 7,920 కోట్లు. ఎనభై దాటినవాళ్లను తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

ఈ మూడూ కలిపితే 19,551 కోట్లు. పన్నెండు శాతం దగ్గర ఆగితే మిగిలే 21,723లో ఇమిడిపోగా రెండు వేల కోట్లకు పైగా చేతిలో ఉంటుంది.

కాగితం మీద ఇంత సాఫీగా ఉన్నది ఊళ్లో ఎలా చెడుతుందో కూడా చెప్పాలి. మొదటి ప్రమాదం మన రాష్ట్ర ప్రభుత్వాలే. కార్యకర్త వేతనంలో కేంద్ర పాలు 2,700 నుంచి 5,400 అయితే, ఆంధ్ర ఆర్థిక శాఖ తన పాలును 8,800 నుంచి 6,100కు దించుకుని, ఆమెకు మళ్లీ అదే 11,500 ఇవ్వొచ్చు. ఢిల్లీలో పెంచామని ఒక ప్రెస్‌మీట్, అమరావతిలో పొదుపు చేశామని ఇంకో ఫైలు, ఆమె బ్యాంకు పాసుపుస్తకంలో మాత్రం ఒక్క రూపాయి కదలదు. పింఛను విషయమూ అంతే, 3,800 కాస్తా 3,500 అవుతుంది. అందుకే పెంపు ఉత్తర్వులోనే ఒక షరతు రాయించాలి: రాష్ట్రం గౌరవ వేతనం కింద ముందటేడు ఇచ్చిన సొంత మొత్తాన్ని తగ్గిస్తే ఆ మేరకు కేంద్ర వాటా ఆగుతుంది. పింఛన్ల దగ్గర ఇంత గట్టిగా అక్కర్లేదు. అక్కడ రాష్ట్రానికి మిగిలే డబ్బుతో జాబితాలో లేనివాళ్లను చేర్చుకోనివ్వాలి. ఎందుకంటే కేంద్రం లబ్ధిదారుల సంఖ్యకు పెట్టిన పరిమితి 2001 జనాభా లెక్కల మీద, 2004-05 పేదరిక అంచనాల మీద కట్టినది. అప్పటికి నలభై ఏళ్లున్న మనిషి ఇప్పుడు అరవై దాటాడు.

రెండో ప్రమాదం జోడీ వాటా. తిండి పథకంలో కేంద్రం రెండు రూపాయలు పెంచితే రాష్ట్రం ఇంకో రెండు పెట్టాలి. ఇప్పటికే ప్రమాణానికి మించి పెడుతున్న మన రాష్ట్రాలకు అది ఇబ్బంది కాదు, ఉన్న ఖర్చులోనే చూపించుకోవచ్చు. చేతిలో డబ్బులేని రాష్ట్రాలు జోడీ వాటా పెట్టలేక కేంద్ర విడుదలను కూడా పోగొట్టుకుంటాయి. మొదటి రెండేళ్లూ పెరిగిన భాగం వరకు 75:25 నిష్పత్తి అడగడం మంచిది. అలా అడిగితే కేంద్రానికి 5,475 కోట్ల చోట 8,212 కోట్లు అవుతుంది, మా లెక్క కాస్త దాటుతుంది. అప్పుడు గౌరవ వేతనాన్ని రెండు విడతల్లో పెంచుకోవాల్సి వస్తుంది. ఏది ముందో తేల్చాల్సింది మీరు. మమ్మల్నడిగితే తిండే ముందు.

ఆర్థిక శాఖ చెప్పబోయే అభ్యంతరం ఒకటుంది. విమానం కొంటే అది మూలధన వ్యయం, ఆయాకు జీతమిస్తే రెవెన్యూ వ్యయం. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిస్తే ద్రవ్య లోటు, అంటే ప్రభుత్వం చేసే మొత్తం అప్పు, మారదు కానీ రోజువారీ ఖర్చుల్లో పడే రెవెన్యూ లోటు పెరిగి కనిపిస్తుంది. దీనికి జవాబు అదే పద్దులో ఉంది. 2026-27లో రక్షణకు పెరిగిన 1.03 లక్షల కోట్లలో మూలధనం 39,306 కోట్లయితే, రెవెన్యూ పద్దు పెరుగుదల 53,747 కోట్లు. ఎంత దేన్నుంచి తీయాలో రెండు శాఖలు కూర్చుని తేల్చుకోవచ్చు. ఏ ఆయుధం వాయిదా వేయాలో చెప్పే అర్హత మాకు లేదు, అది సైన్యాధిపతుల పని. ఇప్పటికే సంతకాలైన ఒప్పందాల వాయిదాలు మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ ఆగితే జరిమానాలు, ధరల పెంపు మళ్లీ మన నెత్తినే పడతాయి.

రెండో అభ్యంతరం మీలో చాలామందిది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో బీడీఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, మచిలీపట్నంలో బీఈఎల్, విశాఖలో నేవల్ డాక్‌యార్డ్, వాటి చుట్టూ విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలు. రక్షణ డబ్బు తగ్గితే మన ఉపాధి పోదా అని. తగ్గితే పోతుంది. పన్నెండు శాతం పెరిగితే పోదు. వీటి పని చేతిలో ఉన్న ఆర్డర్లను బట్టి నడుస్తుంది, చేతిలో ఉన్న ఆర్డర్లను మేం ముట్టుకోమన్నాం.

మిగులు డబ్బు సంగతి. ఏ ఏడాదైనా మూలధన పద్దు కిందికి దిగే సూచన ఉంటే ఆ డబ్బు భవనాలకు మళ్లాలి. అంగన్‌వాడీ భవనానికి ఖర్చు ప్రమాణం 12 లక్షలు. ఇందులో ఉపాధి హామీ నుంచి 8, ఆర్థిక సంఘం నిధుల నుంచి 2, మహిళా శిశు సంక్షేమం నుంచి 2 రావాలని పెట్టారు. మూడు శాఖలు, మూడు ఫైళ్లు, ఒకదాని బిల్లు వచ్చేసరికి ఇంకోదాని గడువు అయిపోతుంది. పునాది లేచి గోడలు ఆగిన కేంద్రాలు అలా పుట్టినవే. మరుగుదొడ్డికి 36,000, తాగునీటికి 17,000. 2024-25లో మిగిలిన 12,500 కోట్లను మూడు ముక్కలు కాకుండా ఒకే చేతి నుంచి 12 లక్షల చొప్పున ఇచ్చి ఉంటే లక్షకు పైగా భవనాలు లేచేవి. కాకపోతే ఆ మిగులును ఫిబ్రవరిలో కనిపెడితే లాభం లేదు. మార్చిలో విడుదలైన డబ్బు జిల్లాకు చేరేలోపు ఏడాది ముగుస్తుంది, ఖర్చు చేయలేదని వచ్చే ఏడు కేటాయింపు తగ్గిస్తారు. అక్టోబరులో కనిపెట్టి, డిసెంబరులో శీతాకాల సమావేశాల అనుబంధ పద్దుల్లో, అంటే ఏడాది మధ్యలో అదనంగా అడిగే పద్దుల్లో, పెట్టాలి. అప్పుడు పనికి మూడు నెలలైనా దొరుకుతాయి.

ఇదంతా మార్చిలో సభలో మాట్లాడితే ఎందుకు కుదరదో మాకన్నా మీకే బాగా తెలుసు. రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం లోక్‌సభ ఒక పద్దును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచలేదు, ఇంకో పద్దుకు మార్చనూ లేదు. కోత తీర్మానం పెట్టి రక్షణలో వంద రూపాయలు తగ్గించమన్నా అవి అంగన్‌వాడీకి చేరవు. ఒకవేళ నెగ్గితే ప్రభుత్వమే పడిపోతుంది కాబట్టి విప్ జారీ అవుతుంది. ఇక చాలా పద్దులు చర్చే లేకుండా గిలెటిన్‌లో, అంటే అన్నిటినీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టే పద్ధతిలో, పోతాయి. 2023 మార్చి 23న 45 లక్షల కోట్ల బడ్జెట్ మొత్తం చర్చ లేకుండానే గట్టెక్కింది. 2024లో గెలిచిన మీ 42 మంది లోక్‌సభ సభ్యుల్లో 29 మంది పాలక కూటమి వైపే ఉన్నారు. కూటమిలో ఉన్నవాళ్ల బలం ఓటింగులో కనిపించదు, బడ్జెట్ తయారయ్యే గదిలో కనిపిస్తుంది. 2024 జూలైలో అమరావతికి 15,000 కోట్లు ప్రకటించింది ఎవరో కోత తీర్మానం పెడితే కాదు కదా. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకు స్థాయీ సంఘాలున్నాయి. 31 మంది సభ్యుల్లో పదిమంది రాజ్యసభ వాళ్లే. సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, కానీ మూడు నెలల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. ఆ జవాబు మరుసటి ఏడాది మీ చేతిలో ఆయుధం.

సవరించిన అంచనాల మీద వ్యయ విభాగం శాఖలన్నిటితో జరిపే సమావేశాలు మామూలుగా అక్టోబరు రెండో వారంలో మొదలై నవంబరు మధ్య దాకా నడుస్తాయి. వచ్చే ఏడాది పరిమితులు స్థూలంగా అక్కడే తేలిపోతాయి. అంతకు ముందే, సెప్టెంబరులోనే, ఆర్థిక మంత్రికి మీ అరవై మంది సంతకాలతో ఒక ఉత్తరం వెళ్లాలి. అరవై మంది కాకపోతే ముప్పై మంది. అందులో వర్ణనలు అక్కర్లేదు, మూడు పాత రేట్లు, మూడు కొత్త రేట్లు, 19,551 అన్న మొత్తం, రక్షణ పెంపు పన్నెండు దాటకూడదన్న పరిమితి ఉంటే చాలు.

శీతాకాల సమావేశాలకు ప్రశ్న నోటీసు పదిహేను రోజుల ముందే ఇవ్వాలి. రాసుకునే తీరిక లేకపోతే ఇది వాడుకోండి:

"(ఎ) సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 కింద ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు 2017లో నిర్ణయించిన రోజుకు 8 రూపాయల ఖర్చు ప్రమాణాన్ని 2025-26 బడ్జెట్ ప్రసంగంలో చెప్పినట్లు పెంచారా. పెంచితే ఎంతకు, ఏ తేదీ నుంచి. (బి) ఒక్కో రూపాయి పెంపునకు కేంద్ర వాటా కింద ఏడాదికి అయ్యే మొత్తం ఎంత. (సి) అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాల గౌరవ వేతనంలో కేంద్ర వాటాను 2018 అక్టోబరు తర్వాత సవరించారా, లేకుంటే కారణాలేమిటి. (డి) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో రక్షణ మూలధన పద్దులో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం, అప్పగించిన మొత్తం ఏడాదివారీగా ఎంతెంత?"

ఎ, బి, సి మహిళా శిశు అభివృద్ధి శాఖకు, డి రక్షణ శాఖకు వెళ్తాయి. ఒకే ప్రశ్నలో రెండు శాఖల విషయాలుంటే తిప్పి పంపొచ్చు కాబట్టి విడివిడిగా ఇవ్వండి.

ఇట్లు,
బడ్జెట్ పద్దులు చదివే కొందరం